రెండో బహుమతి కోసం తాండూరుకు

అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానకు తొమ్మిదేళ్లుగా పాలు పోస్తున్నవాడు అంజిలయ్య. వాళ్లది గొర్లు కాచుకునే ఇల్లు. మందను తమ్ముడికి అప్పజెప్పి, తాను నాలుగు బర్రెలు కొనుక్కొని, రోజూ పొద్దున్నే కావడికి రెండు బిందెలు తగిలించుకొని గుట్ట ఎక్కేవాడు. వంటమనిషి పాలు కొలిపించుకొని, పొయ్యి మీదికెక్కించి, బిందెలు కడిగి తిరిగి ఇచ్చేసరికి గంట పట్టేది. ఆ గంటలో అతనికి పని లేదు. వరండాలో వరసగా మంచాల మీద పడుకొని ఉండే రోగులకూ పని లేదు. దవాఖానలో తొమ్మిదేళ్లు తిరిగినా అంజిలయ్యకు వాళ్ల నుంచి అంటుకున్నది చదరంగం ఒక్కటే.

మొదట్లో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ముసలాయన దేశీ పద్ధతి నేర్పాడు. అందులో బంటు మొదటి ఎత్తుకు కూడా ఒక గడే నడుస్తుంది. ఆయన బాగుపడి వెళ్లిపోయాక ఆ మంచం మీదికి వచ్చినవాళ్లు ఇంగ్లీషు పద్ధతి నేర్పారు. అందులో బంటు మొదట రెండు గడులు దూకవచ్చు. అంజిలయ్య రెండూ నేర్చుకున్నాడు. ఏ మంచం దగ్గర ఏ పద్ధతో అతనికి బర్రెల పేర్లలాగే గుర్తు.

ఆడటం మొదలుపెట్టిన ఏడాది ఒక రైల్వే గుమాస్తాను వరసగా మూడు ఆటలు ఓడించాడు. సాయంత్రానికి గుమాస్తాకు జ్వరం నూటరెండుకు ఎక్కింది. ఏం తిన్నావని నర్సమ్మ అడిగితే ఆయన ఏమీ తినలేదన్నాడు, పాలాయన చేతిలో ఓడిపోయానన్నాడు. మర్నాడు పెద్ద డాక్టరు అంజిలయ్యను పిలిచి, ఆడుకో గాని వీళ్ల మనసు కష్టపెట్టకు అని నవ్వుతూ చెప్పాడు. డాక్టరు నవ్వుతూ చెప్పినదాన్ని అంజిలయ్య మందు చీటీ అంత గట్టిగా పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఒక్క ఆట గెలవలేదు.

ఓడిపోవడం తేలికని అనుకునేవాళ్లు ఎప్పుడూ జాగ్రత్తగా ఓడిపోయి ఉండరు. ఎదుటివాడికి అనుమానం రాకూడదు. ఆట చివరిదాకా సాగాలి, ఒక్క ఎత్తు తేడాలో పోవాలి, పోయాక తల గోక్కోవాలి. అంజిలయ్య తల గోక్కోవడం చూసిన రోగులకు ఆ పూట ఒక రొట్టె ఎక్కువ దిగేది. అతను మాత్రం ఖాళీ బిందెలతో గుట్ట దిగుతూ, తాను వేయకుండా వదిలేసిన ఎత్తులన్నీ మనసులో వేసుకుంటూ పోయేవాడు. దారి పొడవునా గెలుస్తూనే ఉండేవాడు. ఇల్లు వచ్చేసరికి అన్నీ మరిచిపోయి బర్రెలకు కుడితి పెట్టేవాడు.

1958 చలికాలంలో ఆ వరండాలో చంద్రశేఖర్ అనే కుర్ర వకీలు ఉన్నాడు. జబ్బు తగ్గిపోయింది, ఇంకో పదిహేను రోజుల్లో ఇంటికి పోతాడు. ఒకరోజు అతను ఆట మధ్యలో దిండు కింద నుంచి ఒక కరపత్రం తీశాడు. తాండూరులో ఆదివారం, సోమవారం చదరంగం పోటీలు. ఎవరైనా రావచ్చు. మొదటి బహుమతి అమూల్యమైన బల్ల. రెండో బహుమతి పెట్రోమాక్స్ దీపం. మూడోది ఉన్ని శాలువా.

"నువ్వు పోవాలె అంజిలయ్యా," అన్నాడు చంద్రశేఖర్.

తాను ఎప్పుడూ ఓడిపోయేవాడినే కదా అని అంజిలయ్య నవ్వేయబోయాడు.

"నేను వకీలును. ఆర్నెల్ల సంది చూస్తున్న. నీ చెయ్యి ముందుగాల ఒక దిక్కు పోతది, మళ్ల ఆగి ఇంకో దిక్కు మలుగుతది. మొదటి దిక్కు పోయి ఉంటే నేను ఒక్క ఆట గెలిచేటోడిని కాదు."

అంజిలయ్య కంగారుగా అతని మొహం వంక చూశాడు, జ్వరంతో ఎర్రబడిందేమోనని. ఎర్రబడలేదు.

ఇంటికెళ్లి భార్య రామమ్మకు బహుమతులన్నీ వరసగా చెప్పాడు. ఆమె పెట్రోమాక్స్ దగ్గర ఆపింది. బర్రెలను తెల్లవారుజామున పిండాలి. కొట్టంలో ఉన్న చిమ్నీ బుడ్డికి తన చుట్టూ ఉన్న చీకటి తప్ప ఇంకేమీ కనిపించదు. అంతకుముందు నెల పెళ్లిలో ఎవరో పట్టుకొచ్చిన పెట్రోమాక్స్ కింద ఆమె తన చేతి గీతలు చూసుకుంది. అప్పటి నుంచి ఆ వెలుగు మీద ఆమెకు మనసు.

"బల్ల ఏం జేసుకుంటం? లైటు తీసుకరా," అంది.

"లైటు రావాలంటే ఆఖరి ఆట ఓడిపోవాలె."

"ఓడిపోవుడు నీకు కొత్తనా?"

ఆ మాట అతనికి కొంచెం గుచ్చుకుంది. అయినా తలూపాడు. పాలు ఆమె, ఆమె తమ్ముడు ఎంకయ్య కలిసి గుట్టకు చేరవేస్తామన్నారు. ఆదివారం పొద్దున జొన్నరొట్టెలు, పుంటికూర మూట కట్టుకొని వికారాబాదులో రైలెక్కాడు.

తాండూరులో పోటీ పెట్టినవాడు కిష్టయ్య. ఆయనకు నాపరాళ్ల గనులున్నాయి. స్టేషన్ పక్కనే, సామాన్ల రైళ్లు ఆగేచోట, ఆయన గోదాములోనే ఆటలు. అక్కడ రాయి కానిది ఏదీ లేదు. బల్లలు బండలే, పీటలు బండలే, నీళ్ల తొట్టి బండే. చలికాలం కావడంతో కూర్చున్నవాళ్లందరూ కాసేపటికోసారి లేచి వెనక తడుముకుంటున్నారు. ఆటగాళ్లు ఎనిమిది మంది. తీర్పు చెప్పేందుకు అనంతయ్య అనే రిటైరైన పంతులుగారిని కూర్చోబెట్టారు. ఆయన దగ్గర ఒక జేబు గడియారం, చదరంగం నియమాలు చెప్పే కాయిదాల పుస్తకం ఉన్నాయి. రైల్లో ఎవరో మరిచిపోయిన ఇంగ్లీషు పుస్తకం అది. మొదటి ఇరవై పేజీలు లేవు.

ఆట మొదలుకాకముందే గొడవ మొదలైంది. నలుగురు దేశీ పద్ధతి అన్నారు, ముగ్గురు ఇంగ్లీషు పద్ధతి అన్నారు. అంజిలయ్య ఏదైనా ఫరవాలేదన్నాడు గాని అతని మాట ఎవరూ వినలేదు. అనంతయ్య అందరి మాటా విన్నాడు, గడియారం చూసుకున్నాడు, లేచి నిలబడి తీర్పు చెప్పాడు. పొద్దున దేశీ కాయిదా. పగలు ఒంటిగంటకు అన్నాలు తిన్నాక ఇంగ్లీషు కాయిదా. ఇందులో ఎవరికీ అన్యాయం లేదు.

నిజమే అనిపించింది అందరికీ. మధ్యాహ్నానికి గాని అందులో ఉన్న చిక్కు తెలియలేదు.

అంజిలయ్యకు మొదటి ఆట కందుల వ్యాపారి హన్మయ్యతో పడింది. హన్మయ్య చంపిన పావులను అంగీ జేబులో వేసుకొని, అవి ఎన్నున్నాయో మాటిమాటికీ తడిమి చూసుకునేవాడు. అంజిలయ్యకు మొదటి గంటంతా తన చేతితోనే పోరాటం. చెయ్యి మంచి ఎత్తు వైపు పోతుంది, అలవాటు కొద్దీ ఆగుతుంది, చెడ్డ ఎత్తు వైపు మలుగుతుంది. అట్లా మలిగి మలిగి ఒక ఒంటె, ఒక ఏనుగు హన్మయ్య జేబులోకి పోయాయి. అప్పుడు అంజిలయ్యకు గుర్తొచ్చింది, ఈయనకు రోగమేమీ లేదు, ఓడినా జ్వరం రాదు. పైగా ఇప్పుడే ఓడితే దీపం రాదు. కుడిచెయ్యిని తొడ కింద పెట్టుకొని ఎడమచేత్తో ఆడటం మొదలుపెట్టాడు. ఎడమచేతికి ఓడిపోయే అలవాటు లేదు.

ఒంటిగంట కావస్తుండగా అతని బంటు ఒకటి చివరి గడికి ఒక్క అడుగు దూరానికి వచ్చింది. అది గుర్రం ఇల్లు. దేశీ పద్ధతిలో బంటు ఏ ఇంట్లోకి చేరితే ఆ పావే అవుతుంది గనక, గుర్రమైతే అయిందిలే అని హన్మయ్య దాని జోలికి పోలేదు. అన్నానికి లేచారు. హన్మయ్యకు ఇంటి నుంచి పప్పు, నెయ్యి, రెండు కూరలు వచ్చాయి. తీరిగ్గా తిని, ఒక కునుకు తీసి వచ్చి కూర్చున్నాడు. అంజిలయ్య బంటును ఒక అడుగు జరిపాడు. అనంతయ్య పుస్తకం తెరిచి, ఇంగ్లీషు కాయిదా ప్రకారం బంటు ఇప్పుడు వజీరు, అంటే మంత్రి, అయిందని ప్రకటించాడు.

హన్మయ్య మొహంలో రంగు పోయింది. పొద్దున గుర్రం అయ్యేది పగటికి వజీరు ఎట్లయితదని నిలదీశాడు.

"పొద్దుగాల నీ కడుపు ఖాళీగ ఉండె," అన్నాడు అనంతయ్య, "ఇప్పుడు నిండింది. గట్లనే."

దానికి జవాబేమిటో హన్మయ్య ఆలోచిస్తుండగానే వజీరు వచ్చి రాజును పట్టేసింది. అతను జేబులోని పావులన్నీ బల్ల మీద కుమ్మరించి, అంత మంచి పప్పు తినకపోయినా బాగుండేదని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం రెండో ఆట బాల్‌రాజ్‌తో. అతను సామాన్ల రైలు గార్డు. బయట ఆగి ఉన్న బండిలో బండలు ఎక్కిస్తున్నారు. అవి ఎక్కేలోపు ఆడేసి పోదామని వచ్చాడు. ఎర్ర జెండా, పచ్చ జెండా చంకలో చుట్టి పెట్టుకొని నిలబడే ఆడాడు. మంచి ఆటగాడు. పొద్దున మొదటి ఆట పావుగంటలో ముగించాడట. అంజిలయ్య ఎడమచెయ్యి చేయగలిగినంతా చేసింది గాని, అరగంటయ్యేసరికి అతని రాజు మూలన ఇరుక్కున్నాడు. బాల్‌రాజ్ గుర్రాన్ని తీసి సరైన గడిలో పెడితే ఆట కట్టు.

అప్పుడే ఇంజను కూత వేసింది.

బాల్‌రాజ్ ఉలిక్కిపడ్డాడు. తాను వాడి జంక్షను దాకా పోయి వచ్చేవరకు ఆట ఆపమన్నాడు. ఎప్పుడొస్తావని అనంతయ్య అడిగితే, రేపు, లేకుంటే ఎల్లుండి, బండి దయ అన్నాడు. కుదరదన్నాడు అనంతయ్య. రెండో కూత పడింది. బాల్‌రాజ్ గోదాము బయటికి ఉరికాడు. కదులుతున్న బండి వెనక డబ్బా పట్టుకొని వేలాడుతూ వెనక్కి తిరిగి, "గుర్రం" అని అరిచాడు. ఎక్కడికో కూడా చెప్పాడు. పెదవులు కదలడం అందరూ చూశారు. కాని మూడో కూత ఆ మాటను మింగేసింది. అంతలో అతను పచ్చ జెండా ఊపాడు. అది బండికి ఊపాడో గుర్రానికి ఊపాడో ఎవరికీ అర్థం కాలేదు.

గుర్రం పోగలిగే గడులు మూడున్నాయి. అనంతయ్య నిజాయితీపరుడు. పట్టాల మీద పొగ పూర్తిగా విడిపోయేదాకా ఎదురుచూశాడు, ఇంకేమైనా వినబడుతుందేమోనని. తర్వాత పుస్తకంలో వెతికాడు. రైలు గురించి ఏమీ లేదు.

అంజిలయ్యకు మనసు ఒప్పలేదు. ఆ గుర్రం ఏ గడికి పోవాలో తనకు తెలుసని, అక్కడికి పోతే తన ఆట కట్టని లేచి చెప్పాడు. అనంతయ్య కళ్లద్దాల మీదుగా చూశాడు.

"ఎదుటోడి ఎత్తు నువ్వు జెప్పుడు కాయిదా కాదు. కూసో. నువ్వు గెలిచినవ్."

అట్లా అంజిలయ్య ఆఖరి ఆటకు వచ్చాడు. సోమవారం పొద్దున కిష్టయ్య బహుమతులను గోదాము మధ్యలో పెట్టించాడు. అప్పుడు గాని అమూల్యమైన బల్ల అంటే ఏమిటో తెలియలేదు. నీలం బండ ముక్కలు, పచ్చ బండ ముక్కలు అరవై నాలుగు గడులుగా అతికించి, నాలుగు రాతికాళ్ల మీద నిలబెట్టిన చదరంగం బల్ల. దాన్ని లోపలికి తేవడానికి ఆరుగురు పట్టారు, వారిలో ఒకతను ఇంకా నడుము పట్టుకొనే ఉన్నాడు. వెయ్యేండ్లయినా దీనికి ఏమీ కాదని కిష్టయ్య గర్వంగా చెప్పాడు. అంజిలయ్య దాన్ని పైనుంచి కింది దాకా చూశాడు. తర్వాత దీపం వైపు తిరిగాడు. దీపం ముందు అప్పటికే ఒకాయన నిలబడి, పంచె కొసతో దాని గాజును మెల్లగా తుడుస్తున్నాడు.

ఆయన బసప్ప మాస్టరు. సేడం పక్క ఊళ్లో బడి పంతులు, యాభై ఏళ్లుంటాయి, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడతాడు. ఆఖరి ఆటలో అంజిలయ్యకు ఎదురు కూర్చోవలసినవాడు ఆయనే.

ఆట మొదలైంది. తాండూరు వాళ్లు యాభై మంది దాకా చుట్టూ మూగారు. అంజిలయ్య కుడిచెయ్యిని తొడ కింద నుంచి తీసి దాని ఇష్టానికి వదిలేశాడు. నాలుగో ఎత్తులో అది అతని వజీరును తీసుకుపోయి బసప్ప బంటు ముందర పెట్టింది. జనంలో గుసగుస లేచింది. వజీరునే బలి పెడుతున్నాడంటే ఏదో పెద్ద ఎత్తు ఉంటుందని కిష్టయ్య పక్కవాళ్లకు వివరించాడు. బసప్ప ఆ వజీరు వంక చాలాసేపు చూసి, దాన్ని కొట్టకుండా, తన ఏనుగును తెచ్చి అంజిలయ్య ఒంటె దారిలో పెట్టాడు. దీని లోతు ఇంకా ఎక్కువన్నాడు కిష్టయ్య.

అంజిలయ్య ఏనుగును కొట్టలేదు. గుర్రాన్ని తెచ్చి వజీరు పక్కన పెట్టాడు, ఏదో ఒకటి కొడతాడని. బసప్ప తన వజీరును కూడా తెచ్చి ఆ గుంపులో నిలబెట్టాడు. గంట గడిచేసరికి రెండు సేనలూ బల్ల మధ్యలో ముక్కులు తగిలేంత దగ్గరగా నిలబడ్డాయి. ప్రతి పావునూ ఏదో ఒక పావు చంపగలదు. ఒక్కటీ చావలేదు. ఇట్లాంటి ఆట తన జన్మలో చూడలేదన్నాడు కిష్టయ్య. కొట్టి తీరాలన్న కాయిదా ఉందేమోనని అనంతయ్య పుస్తకం తిరగేశాడు. ఉంటే ఆ మొదటి ఇరవై పేజీల్లో ఉండి ఉంటుంది.

చివరికి ఆయనే అలసిపోయి చాయ్‌కి పావుగంట ఆపాడు.

బయట రాతి గుట్టల వెనక బసప్ప మాస్టరు చాయ్ గ్లాసు పట్టుకొని అంజిలయ్య దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు.

"ఏన్రీ అంజిలయ్యా, నా ఏనుగును ఎందుకు కొట్టలేదు?"

"మీరు నా వజీరును ఎందుకు కొట్టలే సారూ?"

ఇద్దరూ కాసేపు చాయ్ తాగారు. దీపమా, అని బసప్ప మెల్లగా అడిగాడు. దీపమే అని అంజిలయ్య ఒప్పుకున్నాడు. హౌదు, నాకూ అదే అని బసప్ప తలూపాడు.

తర్వాత ఎవరి కష్టం ఎక్కువో తేల్చుకునే ప్రయత్నం చేశారు. బసప్ప పొద్దుగూకాక కూలీలకు చదువు చెబుతాడు. ఇరవై మందికి ఒకటే కందీలు. అక్షరం కనబడక ముందుకు వంగి వంగి కిందటి వారం ఒకతని మీసం కాలింది. ఇంకొకతను నెల రోజులుగా పలకను తిరగేసి పట్టుకొని చదువుతున్నాడు, బాగానే చదువుతున్నాడు. అంజిలయ్య తన సంగతి చెప్పాడు. మొన్న చీకట్లో పాలు పిండడానికి దున్న కింద కూర్చున్నాడు. దాని మంచితనం వల్ల బతికాడు. బసప్ప నవ్వు ఆపుకోలేక సగం చాయ్ ఒలకబోసుకున్నాడు.

ఆ మాటా ఈ మాటా మీద తెలిసిందేమిటంటే, బసప్ప కూడా ఏళ్ల తరబడి ఓడిపోతున్నవాడే. బడి చూడటానికి వచ్చే ఇన్‌స్పెక్టరు దొరకు చదరంగం పిచ్చి. ఆయన గెలిస్తే బడి బాగున్నట్టు రాసిపోతాడు. పన్నెండేళ్లుగా బడి చాలా బాగుంది.

"అయితే మీరు నాకన్న మూడేండ్లు పెద్ద," అన్నాడు అంజిలయ్య. తర్వాత గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "నాకొకటి అనిపిస్తున్నది సారూ. నిన్న ఒకటి తిండి వల్ల గెలిచిన, ఒకటి రైలు వల్ల గెలిచిన. తొమ్మిదేండ్లాయె, ఒక్కపారి నిజంగ ఆడితే ఏమయితదో నాకే ఎరుక లేదు."

బసప్ప మాస్టరు అతని వంక చూశాడు. "నాకూ తెలియదప్పా," అన్నాడు.

ఇక నుంచి ఇద్దరూ నిజంగా ఆడాలని, ఓడినవాడికి దీపం న్యాయంగా దక్కినట్టేనని అనుకున్నారు. చేతిలో చెయ్యి వేసుకున్నారు. లోపలికి వచ్చి కూర్చున్నారు.

మొదటి పది నిమిషాల్లో బల్ల సగం ఖాళీ అయింది. వజీర్లు పోయాయి, ఒంటెలు పోయాయి, గుర్రాలు పోయాయి. గెలవాలని ఆడటం ఇద్దరికీ అలవాటు తప్పిన పని. అంజిలయ్య ఒక ఏనుగును ఊరికే పోగొట్టుకొని అయ్యో అనుకున్నాడు. ఆ అయ్యో నిజమైనది కావడంతో అతనికే వింతగా అనిపించింది. తల గోక్కోవాలని కూడా తోచలేదు. బసప్ప తన ఏనుగును అంతకన్న అన్యాయంగా పోగొట్టుకున్నాడు. అరికాళ్లలో చెమట పట్టింది అంజిలయ్యకు. వరండాలో ఆ రైల్వే గుమాస్తాకు జ్వరం ఎందుకొచ్చిందో అతనికి అప్పుడు తెలిసింది.

జనం మాత్రం ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు. చాయ్ తాగినప్పటి నుంచి ఆట చెడిపోయిందని, పొద్దున ఉన్న లోతు ఇప్పుడు లేదని కిష్టయ్య నిరాశగా అన్నాడు. ఇద్దరూ అలసిపోయారు పాపమన్నాడు ఇంకొకడు.

చివరికి అంజిలయ్యకు రాజు, ఒక ఏనుగు, రెండు బంట్లు మిగిలాయి. బసప్పకు రాజు, ఒక ఏనుగు, మూడు బంట్లు. బంటు ఒకటి ఎక్కువ కావడంతో బసప్ప సంతోషపడి, దాన్ని చివరి గడికి చేర్చి పండించుకుందామని ఏనుగును దాని వెనక తోలాడు. ఆయన రాజు వెనక వరసలో, మిగిలిన రెండు బంట్ల చాటున, మూలకు నిలబడి ఉన్నాడు. ఆ వరసకు ఇప్పుడు కాపలా లేదు.

అంజిలయ్య చూశాడు. ఏనుగు నేరుగా చివరి వరసకు పోతే ఆట కట్టు. మళ్లీ చూశాడు, ఏదైనా అడ్డం వస్తుందేమోనని. ఏదీ రాలేదు. చెయ్యి ఏనుగు దగ్గరికి పోయింది. అలవాటు కొద్దీ గాలిలో ఆగింది. రామమ్మ గుర్తొచ్చింది. కొట్టం గుర్తొచ్చింది, అందులో దున్న కూడా. చెయ్యి పక్కకు మలగబోయింది. కాని మూడు వేళ్లు ఏనుగు తల పట్టుకొని అట్లాగే చాలాసేపు ఉన్నాయి. బసప్ప తలెత్తి ఆ చేతిని, తర్వాత తన రాజును చూసుకున్నాడు. ఆయనకూ అర్థమైంది. కాని ఒక్క మాట అనలేదు, దగ్గనైనా దగ్గలేదు.

అంజిలయ్య ఏనుగును చివరి వరస దాకా తోసేశాడు.

"ఆట కట్టు సారూ."

అనడం అయిందో లేదో, తనకు తెలియకుండానే ముందుకు వంగి, చెయ్యి తిరగేసి బసప్ప నుదుటి మీద పెట్టి చూశాడు. చల్లగానే ఉంది. బసప్ప ఆశ్చర్యంగా కళ్లు మిటకరించాడు. అంజిలయ్య సిగ్గుపడి చెయ్యి తీసుకున్నాడు. అప్పుడు వచ్చింది నవ్వు. కడుపులో ఎక్కడో మొదలై, పెదవుల దాకా వచ్చి, ఎంత ఆపినా ఆగలేదు. యాభై మందిలో మిగిలిన పది మంది చప్పట్లు కొట్టారు.

బసప్ప మాస్టరు దీపాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకొని, మీసం కాలినతను మీ పేరు తలుచుకుంటాడని చెప్పి సేడం వైపు బండి ఎక్కి వెళ్లిపోయాడు. అంజిలయ్య బల్ల దగ్గర మిగిలాడు.

కిష్టయ్య ఉదారంగా తన ఎడ్లబండి మీద బల్లను స్టేషనుకు పంపించాడు. మధ్యాహ్నం రైలు కొద్ది నిమిషాలే ఆగుతుంది. ఎనిమిది మంది కూలీలు, ఇద్దరు ప్రయాణికులు, ఎటు పట్టుకోవాలో చెప్పేందుకు అనంతయ్య కలిసి దాన్ని పెట్టెలోకి ఎక్కించేసరికి గార్డు మూడుసార్లు ఈల వేశాడు. తలుపు దగ్గర అడ్డంగా పడింది గనక ధారూరు దాకా ఎవరూ దిగలేకపోయారు. రుక్మాపూరులో దిగాల్సిన ఒక ముసలమ్మ కిటికీలోంచి మూట విసిరేసి, తాను కూడా అక్కడినుంచే దిగుతానంది. ఆమెను నలుగురూ బతిమాలి ఆపి, మూటను మాత్రం మళ్లీ లోపలికి తీసుకున్నారు. ఆ తర్వాత అందరూ దాని మీదే కూర్చున్నారు. ఎవరో వేరుశనగలు పంచారు. ఇదేమిటని అడిగిన ప్రతివాడికీ అంజిలయ్య, గెలిచిన అని చెప్పాడు. మొదట మెల్లగా చెప్పాడు. వికారాబాదు వచ్చేసరికి అడగనివాళ్లకు కూడా చెబుతున్నాడు.

పొద్దు వాలుతుండగా బాడుగ బండి ఇంటి ముందు ఆగింది. వాకిట్లో పదిహేను మంది ఉన్నారు. దీపం వెలిగిస్తే చూద్దామని రామమ్మ వాడకట్టునంతా పిలిచి కూర్చోబెట్టింది. చేతిలో కిరసనాయిలు సీసా కూడా సిద్ధంగా పట్టుకొని ఉంది. అందరూ లేచి బండి మీదికి తొంగిచూశారు. ఎంకయ్య మాత్రం దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, వత్తి ఎక్కడ పెడతారని అడిగాడు.

పదిహేను మంది ఉండటం దించడానికి పనికొచ్చింది. గడపలోంచి లోపలికి పట్టలేదు. నిలువుగా చూశారు, పక్కకు తిప్పి చూశారు, చివరికి వాకిట్లోనే పెట్టారు. రామమ్మ సీసాను గోడవార పెట్టి, బల్ల మీద అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత దాని మీద ఎక్కి కూర్చుంది.

"జెప్పు," అంది.

అంజిలయ్య మొదటి నుంచీ చెప్పాడు. హన్మయ్య పప్పు దగ్గర అందరూ నవ్వారు. రైలు దగ్గర ఇంకా నవ్వారు. బసప్ప మాస్టరు సంగతి చెప్పేటప్పుడు అతని గొంతు కొంచెం తగ్గింది. ఏనుగును పట్టుకొని ఆగిన చోట మరీ తగ్గిపోయింది. రామమ్మ నవ్వలేదు. మధ్యలో ఆపలేదు కూడా. అంతా అయ్యాక, అంటే చేతిల ఉన్న లైటును కావాల్నని పంతులుకు ఇడిసిపెట్టినవన్నమాట అంది. ఎవరికోసం ఏనుగును తోశాడో, పంతులు కోసమో తన కోసమో, దారి పొడవునా ఆలోచించినా అతనికి తేలలేదు.

ఆమె అతన్ని కాసేపు చూసింది. మొహం కడుక్కోలేదు, బట్టల నిండా రాతి దుమ్ము, పెదవుల మీద ఇంకా ఆరని ఆ నవ్వు.

"మరి గెలుసుడు ఎట్లుంది?" అని అడిగింది.

అంజిలయ్య నడుము పట్టుకొని ఆమె పక్కన బండ మీద కూర్చున్నాడు.

"మస్తు బరువుంది," అన్నాడు.